ఎడమ ఇంజిన్ చప్పుడు

భీమిలి
ఆగస్టు 6

ఒరే సింహాచలం,

బతికే ఉన్నావా? ఉంటే ఫోనెందుకెత్తవు? నాలుగు రోజుల్లో పదకొండుసార్లు చేశాను. పన్నెండోసారి నీ పెళ్ళాం ఎత్తింది. "ఆయన ఫోన్లో మాటాడరంట వదినా, ఏటైనా ఉంటే ఉత్తరం రాయమన్నారు" అంది. ఉత్తరమేటిరా? అర్జీ పెట్టుకోడానికి నువ్వేమైనా కలెక్టరువా? రైల్వే షెడ్డులో రిటైరైన డీజిల్ ఫిట్టరువి. నేను ఆఖరిసారి ఉత్తరం రాసింది పెళ్ళైన కొత్తలో, ఈ ఉప్పుగాలి పడక, బిలాస్‌పూర్ క్వార్టర్ మీద బెంగతో అమ్మకి. మొన్న పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడి పిల్ల నన్ను మ్యూజియంలో బొమ్మని చూసినట్టు చూసింది.

సరే, రాస్తున్నాను. చదివి చావు.

నేను పడవ కొంటున్నాను.

నవ్వకు. చేపల పడవ కాదు. టూరిస్టులను తిప్పే స్పీడు బోటు. పన్నెండుమంది పడతారు. మా సంఘంలో తొమ్మిదిమంది ఆడవాళ్ళం కలిసి కొంటున్నాం. నలభై ఏళ్ళు ఇసకలో కూర్చుని చేపలు వేలం పాడాను. ఒక్కరోజు నన్ను పడవెక్కనివ్వలేదు. ఆడది ఎక్కితే వలలో చేప పడదంట. పడ్డ చేపని అమ్మిపెట్టడానికి మాత్రం ఆడదే కావాలి. ఇప్పుడు నా పడవ నేను కొనుక్కుని ఎక్కుతాను. ఏ చేప అలుగుతుందో చూస్తాను.

కొత్తది మా వల్ల కాదు, సెకండ్‌హ్యాండుదే. నాది ఒకటే షరతు. రెండు ఇంజిన్లుండాలి. ఎందుకని అడక్కు. ఇక్కడ ఒకటి అమ్మకానికుంది. వెనకాల రెండు పెట్రోల్ ఇంజిన్లు గోడ మీద కాకుల్లా వాలి ఉన్నాయి. బ్రోకరు అప్పలస్వామి "సీల్డు కండీషనమ్మా" అంటున్నాడు. వాడి నోట్లో మిగిలిన నాలుగు పళ్ళు కూడా సీల్డు కండీషనే. చెవి ఆనించి వింటే ఇంజిన్‌కి ఏ జబ్బో చెప్పేస్తావని షెడ్డంతా నిన్ను డాక్టర్‌సాబ్ అనేవారు కదా. ఏ ఇంజిన్లు కొనాలి, ఏం చూసి కొనాలి? రాయి. లేదా మనిషిలా ఫోనెత్తు.

మీ అప్ప,
అప్పలనర్సమ్మ


తోర్వా, బిలాస్‌పూర్
ఆగస్టు 15

అప్పకి నమస్కారాలు.

నీ ఉత్తరం ముందు మా రాజశ్రీ చేతిలో పడింది. నా కూతురు తెలుగు చదవడం ఎంత బాగా నేర్చుకుందంటే, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి "పాపా, యే జలేబీ కిస్‌నే భేజీ?" అంది. మన అక్షరాలు దాని కంటికి జిలేబీ చుట్టలు. కాబట్టి మనం ఎవరిని తిట్టుకున్నా భయం లేదు.

ఫోన్ సంగతి. షెడ్డులో ఏ పనైనా కాగితం మీద రాసి సంతకం పెడితేనే పని. నీకు నోటితో చెబితే సగం వింటావు, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకని ఉత్తరమే.

ఇక పడవ. అరవై నాలుగేళ్ళ వయసులో నీకు సముద్రం మీద సరదా పుట్టింది. అచ్ఛా, మంచిదే. కానీ పెట్రోల్ ఇంజిన్ అనే మాట మళ్ళీ నాకు రాయకు. పెట్రోలుతో నడిచేది స్కూటరు. డీజిల్‌తో నడిచేది ఇంజిన్. నేను ముప్పై ఆరేళ్ళు డీజిల్ కింద పడుకున్నాను. నా నెత్తి మీద కారినంత నూనె మీ భీమిలి మొత్తం వంటల్లో పోసి ఉండరు.

రెండు ఇంజిన్లంటే కవలపిల్లలై ఉండాలి. ఒకే కంపెనీ, ఒకే ఏడు. ఎన్నేళ్ళవని కాదు, ఎన్ని గంటలు నడిచాయో చూడాలి, మీటరు ఉంటుంది. ఒకటి ముసలిది, ఒకటి పడుచుది అయితే పడుచుది లాగుతుంటే ముసలిది దగ్గుతుంది, పడవ పక్కకి పోతుంది. ఇంకో ముఖ్యమైన మాట. రెండింటికీ ఒకే ట్యాంకు ఉంటే అవి రెండు ఇంజిన్లు కావు. ఆ ట్యాంకులోకి నీళ్ళు దిగితే రెండూ ఒకేసారి ఆగుతాయి. ట్యాంకులు రెండు, బ్యాటరీలు రెండు. ఇది లేకపోతే ఎంత అందంగా ఉన్నా వదిలెయ్.

నీ అదృష్టం బాగుంది. కోర్బా దాటాక డ్యామ్ ఉంది కదా, అందులో రాజేంద్ర అనే కాంట్రాక్టరు రెండేళ్ళు టూరిస్టు బోటు నడిపాడు. ఇప్పుడు అమ్మేస్తున్నాడు. లోపల బిగించిన జంట డీజిల్ ఇంజిన్లు. ఉప్పునీటి మొహం చూడనివి. నా జూనియర్ తిరుమలరావుని తీసుకుని వెళ్ళి చూసొస్తాను. అప్పలస్వామి కాకుల్ని ఎగరగొట్టు.

తమ్ముడు,
సింహాచలం


భీమిలి
ఆగస్టు 26

సింహాచలం,

వెళ్ళి చూడు. నువ్వు చెవి పెట్టి బాగుందంటే నాకు చాలు, ఇంకెవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

ఒక్క అనుమానం. మా బోటు నడపబోయేది చిన్నారావు. ఇరవై ఏళ్ళు వేటకెళ్ళినవాడు, మాట తక్కువ మనిషి. డీజిల్ అనగానే "నీటి కిందకి ఎంత దిగుతాదో అడగండప్పా" అన్నాడు. ఇక్కడ జెట్టీ లేదు. గోస్తని నది సముద్రంలో కలిసేచోట మోకాలు లోతు నీళ్ళలోంచి జనాన్ని ఎక్కించాలి. లోపలుండే ఇంజిన్లకి నీటిని తోసే పంకాలు పడవ అడుగునుంటాయంట కదా. ఇసకలో దిగబడవా? కనుక్కుని రాయి.

నీ పెళ్ళాం శాంత గొంతు మొన్న ఫోన్లో ఏదోలా ఉంది. దాన్ని ఏడిపిస్తున్నావేటి?

మీ అప్ప


తోర్వా, బిలాస్‌పూర్
సెప్టెంబరు 9

అప్పా,

కొనేసెయ్.

ఆదివారం తిరుమలరావు, నేను పొద్దున్న బండికి వెళ్ళాం. బండి గతౌరా స్టేషన్ దాటకముందే వాడు టిఫిన్ డబ్బా విప్పాడు. కోర్బాలో రాజేంద్ర జీపు పంపాడు. మర్యాదస్థుడు. మనిషి మాటాడుతున్నంతసేపూ నవ్వుతూనే ఉంటాడు.

బోటు నీళ్ళలో పెళ్ళికూతురిలా ఉంది. తెల్ల రంగు, నీలం సీట్లు. రెండు మీటర్లూ అటూ ఇటూగా ఒకే గంటలు చూపిస్తున్నాయి. ట్యాంకులు రెండు, బ్యాటరీలు రెండు. స్టార్ట్ చేయించాను. పొగ పల్చగా ఉంది, నలుపు లేదు, నీలం లేదు. రెండూ సంగీతం పాడినట్టు పాడాయి. "డాక్టర్‌సాబ్, కైసా హై?" అన్నాడు రాజేంద్ర. "సంగీత్ హై" అన్నాను. తిరుమలరావు నోరెత్తలేదు. వాడికి నా ముందు నోరెత్తే అలవాటు లేదు.

తర్వాత డ్యామ్ ఒడ్డున నాటుకోడి కూర, జొన్నరొట్టె. నేను ఇలాంటి కోడిని రిటైరయ్యాక తినలేదు.

చిన్నారావు అనుమానాన్ని చిన్నారావు దగ్గరే ఉంచమను. ఇసక సంగతి తర్వాత చూసుకోవచ్చు. మంచి ఇంజిన్ దొరికాక జెట్టీ అదే దొరుకుతుంది. దసరాకి వేరేవాళ్ళెవరో అడుగుతున్నారంట, త్వరగా ఖాయం చెయ్.

సింహాచలం


భీమిలి
సెప్టెంబరు 20

సింహాచలం రావు గారికి,

మీ ఉత్తరం అందినది. నాటుకోడి అరిగినదా?

నిన్న తిరుమలరావు ఫోన్ చేశాడు. ఏడుపొక్కటే తక్కువ. వాడి మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను, చదువుకో. "అప్పా, పెద్దోళ్ళ మీద సెప్పకూడదు గానీ, పది రోజులై నిద్దర పడతలేదు. కుడిది బాగానే ఉందప్పా. ఎడమ ఇంజిన్ స్టార్ట్ సెయ్యగానే ఒకటే టకటకా టకటకా. గట్టు మీద కొంగలు లేచిపోనాయి. నాకే తెలిసిపోయింది బేరింగ్ పోయిందని. సింహాచలమన్నకి తెలవదా? అన్నేమో తలూపి సంగీతమన్నాడు. ఆపై ఇద్దరూ నవ్వుకుని బోయినానికెళ్ళారు. ఏటి మాటాడుకున్నారో నాకు తెలవదు. ఆ బోటు కొనకండి."

ఒరే, ఒక కోడిరా? ఒక కోడికి అక్కని అమ్మేశావా? కోడి ఒక్కటేనా, ఇంకేమైనా ముట్టిందా? తొమ్మిదిమంది ఆడవాళ్ళు మా తమ్ముడు డాక్టర్‌సాబ్ అని నేను చెబితే నమ్మారు. పన్నెండుమంది జనాన్ని ఎక్కించుకుని సముద్రం మీదకి పోయే పడవరా అది. ఆ మాట నీకెవరు చెప్పాలి? మన ఇంట్లో సముద్రం ఏం చేసిందో నీకు తెలీదా?

నాకు జవాబు రాయకు. రాయదల్చుకుంటే నిజం రాయి.

అప్పలనర్సమ్మ


తోర్వా, బిలాస్‌పూర్
అక్టోబరు 2

అప్పా,

కోడి తిన్నమాట నిజం. రెండుసార్లు వడ్డించుకున్నమాటా నిజం. అంతకుమించి ఆ మనిషి దగ్గర ఒక బీడీ కూడా తీసుకోలేదు. నీకు అనుమానం వచ్చినందుకు కోపం లేదు. మూడు రోజులు ఆలోచించాను. నన్ను దొంగ అనుకుంటే అనుకోనిద్దామా అని కూడా ఆలోచించాను. దొంగ అనిపించుకోవడమే నయమనిపించింది. అంత వెధవని నేను.

నాకు వినబడదు.

ఈ రెండు మాటలు రాసి, కలం కింద పెట్టి, వీధి చివరికి వెళ్ళి టీ తాగి వచ్చాను. వచ్చి చూస్తే అవి అలాగే ఉన్నాయి.

ముందు కుక్కర్ విజిల్ పోయింది. పప్పు మాడితే శాంత మీద అరిచాను. తర్వాత ఫోన్. తర్వాత మనుషులు. షెడ్డులో అందరం అరుచుకునే మాటాడతాం, అందుకని ఎవరూ కనిపెట్టలేదు. చివరి మెడికల్ పరీక్షలో డాక్టరు వెనక నిలబడి మెల్లగా అంకెలు చెప్పాడు, నేను తిరిగి చెప్పాలి. ఎదురుగా బీరువా అద్దంలో ఆయన పెదాలు కనిపించాయి. తీన్, సాత్, నౌ. పదికి పది. చిన్నప్పుడు స్కూల్లో కూడా అన్ని మార్కులు రాలేదు నాకు.

ఇప్పుడు ఎదురుగా నిలబడి అరిస్తే కొంచెం తెలుస్తుంది. మిగతాది పెదాలు చూసి ఊహించుకుంటాను. సదర్ బజార్‌లో మొన్న కొట్టువాడు ఏదో అడిగితే "హా, హా" అన్నాను. ఇంటికొచ్చి చూస్తే చొక్కా గుడ్డకి బదులు ఆడపిల్లల లంగా గుడ్డ కట్టాడు. శాంతకి తెలుసు. నోరు విప్పితే ఇల్లు వదిలి పోతానని బెదిరించాను.

డ్యామ్ దగ్గర ఏం జరిగిందంటే, ఇంజిన్లు స్టార్టయ్యాయి. నాకు ఛాతీలో ఒక అదురు మాత్రం తెలిసింది. కుడి ఇంజిన్ మీద చెయ్యి పెట్టాను, బాగుంది. ఎడమదాని దగ్గరకి వెళ్ళాలంటే కిందికి దిగి మోకాళ్ళ మీద పాకాలి. డాక్టర్‌సాబ్ పాకితే బాగుంటుందా? రాజేంద్ర నవ్వుతున్నాడు. తిరుమలరావు నా మొహమే చూస్తున్నాడు. నా చెవుల గురించి వాడు కథలు కథలుగా చెబుతాడు. వాడి ముందు "నాకు వినబడలేదు, నువ్వు విని చెప్పు" అనలేకపోయాను. సంగీతం అన్నాను.

కోడికంటే తక్కువ ధరకి, నా పరువుకి, నిన్ను అమ్మాను అప్పా.

సింహాచలం


భీమిలి
అక్టోబరు 12

ఒరే చెవిటి వెధవా,

ముందు తిట్టేస్తాను, ఆ తర్వాత మాటాడతాను. నీకు చెవులు లేకపోతే పోయాయి, బుర్ర ఎక్కడ పెట్టావురా? నీకు వినబడదని చెబితే నిన్ను ఇంట్లోంచి గెంటేస్తామా? పదకొండుసార్లు ఫోన్ చేసి నిన్ను నానా మాటలూ అన్నాను. శాంతని పట్టుకుని "నా తమ్ముణ్ణి నాకు కాకుండా చేస్తున్నావా" అన్నాను. అది కిక్కురుమనలేదు. దాని కాళ్ళు పట్టుకో. నా తరఫున కూడా నువ్వే పట్టుకో.

అయిపోయింది. ఇప్పుడు నా సంగతి విను. చదువు, అదే.

రెండు ఇంజిన్లే ఎందుకని నువ్వు అడగలేదు. బావ పడవకి ఒకటే ఇంజిన్ కదా, అది ఆగిపోయి గాలికి కొట్టుకుపోయాడు, అందుకే అప్ప భయపడుతోంది అనుకుని ఉంటావు. అది సగమే. ఆ రోజు పొద్దున్న పడవ తోసేటప్పుడు మీ బావ ఇంజిన్ వేసి, నా వైపు తిరిగి "ఏటోనే, ఇది దగ్గుతున్నట్టుంది, రేపు సూపించీసి ఎల్తాను" అన్నాడు. నేనూ విన్నాను. ఒడ్డున నిలబడ్డ నాకు కూడా స్పష్టంగా వినబడింది. రెండు కొట్టి ఒకటి మానేస్తోంది. కానీ నాలుగు రోజుల నుంచి వంజరం బాగా పడుతోంది, వైజాగ్ నుంచి లారీ వస్తోంది. "ఈ ఒక్కరోజుకీ ఏటవుద్ది, ఎల్లిరా" అన్నాను.

మూడోరోజు వేరేవాళ్ళు ఖాళీ పడవని లాక్కొచ్చారు.

పద్నాలుగేళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు. నా కొడుకు శివాజీకి కూడా. గాలివాన అని అందరూ అన్నారు, నేనూ అదే అన్నాను. నీకు చెవులు లేక బాగుందన్నావు. నాకు రెండు చెవులూ ఉండి బాగుందన్నాను. కాబట్టి నీ ముందు కూర్చుని తీర్పు చెప్పే మొహం నాకు లేదు.

ఇప్పుడు లేచి, శాంతని వెంటబెట్టుకుని ఆ డ్యామ్ దగ్గరకి మళ్ళీ వెళ్ళు. అది వింటుంది, నువ్వు చెయ్యి పెట్టు. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని రాయి. చిన్నారావు అడిగింది కూడా చూడు. ఈసారి మోకాళ్ళ మీద పాకు. పెళ్ళాం ముందు పాకితే పరువేం పోదు.

మీ అప్ప


తోర్వా, బిలాస్‌పూర్
నవంబరు 3

అప్పా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్పను. బావ మాట గురించి నాకు రాయడం చేతకాదు. వచ్చినప్పుడు నీ పక్కన కూర్చుంటాను, అంతే.

శాంతకి క్షమాపణ చెప్పాను. నీ వంతు కూడా. రాజశ్రీకీ చెప్పేశాను. "పాపా, ముఝే తో దో సాల్ సే పతా హై" అంది. రెండేళ్ళ నుంచీ తెలుసంట. ఇంట్లో చివరగా తెలిసింది నాకేనేమో.

డ్యామ్ దగ్గరకి వెళ్ళాం. తిరుమలరావుని కూడా రమ్మన్నాను. బండిలో వాడికి నిజం చెబితే వాడు నా చేతులు పట్టుకుని ఏదో అన్నాడు. పెదాలు వణుకుతుంటే చదవడం కష్టం, ఏమన్నాడో తెలీలేదు.

శాంత జన్మలో ఇంజిన్ దగ్గరకి వెళ్ళలేదు. పడవలోకి దించి "ఏం వినబడుతోందో చెప్పు" అన్నాను. కుడిది వేశాక చెవి వంచి, నా మొహానికెదురుగా తిరిగి "కుట్టు మిషన్‌లాగుంది" అంది. ఎడమది వేశాక రెండు చెవులూ మూసుకుంది. "రోట్లో ఇత్తడి చెంబు పడీసి దంచుతున్నట్టుంది!" ముప్పై ఆరేళ్ళలో బేరింగ్ పోయిన చప్పుడిని ఇంత బాగా చెప్పినవాడు నా షెడ్డులో లేడు.

అప్పుడు మోకాళ్ళ మీద పాకాను. ఇనప రాడ్డు ఒక కొన ఇంజిన్‌కి ఆనించి, రెండో కొన పళ్ళ మధ్య పెట్టుకున్నాను. ప్రతి చుట్టుకీ దవడ మీద సుత్తితో కొట్టినట్టు తెలిసింది. నూనె కొలిచే పుల్ల లాగితే నూనెలో ఇత్తడి పొడి మెరుస్తోంది. గంటల మీటరు స్క్రూలు కొత్తవి. దాన్ని మార్చి పెట్టాడు. రాజేంద్ర ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "అరే చాచా, నావ్ హై, థోడా ఆవాజ్ తో ఆయేగా" అన్నాడంట, పడవన్నాక కాస్త చప్పుడు ఉంటుందని. శాంత "తో ఆప్ హీ బైఠియే" అంది, అయితే మీరే ఎక్కి కూర్చోండని. ఈసారి కోడి పెట్టలేదు.

ఎడమ ఇంజిన్ విప్పి బాగుచేయొచ్చు, అది నాకు పెద్ద పని కాదు. అయినా ఆ బోటు నీకొద్దు. కర్రతో కొలిచాను. పంకాలు నడుము లోతు కంటే కిందికి ఉన్నాయి. మీ నది మూతిలో మొదటిరోజే విరిగిపోతాయి. చిన్నారావు ఒక్క వాక్యంలో చెప్పింది నేను వినలేదు. అది చెవుల తప్పు కాదు.

నిజం చెబుతున్నాను. ఇక్కడ అన్ని లైన్ల మీదా కరెంటు ఇంజిన్లే. డీజిల్ గురించి నన్ను ఎవరూ ఏమీ అడగరు. నువ్వు అడిగావు. అందుకే నీకు ఏది కావాలో చూడకుండా నాకు కావలసింది రాశాను.

పెట్రోల్‌వే కొను. స్కూటరన్నది నేనే, కానీ అవే కొను. పడవ వెనక బయట వేలాడే ఇంజిన్లని ఇసక దగ్గరకి రాగానే పైకి ఎత్తేసుకోవచ్చు. పాడైతే విప్పి ఆటోలో వైజాగ్ తీసుకెళ్ళొచ్చు. చూసేటప్పుడు అప్పలస్వామికి చెప్పకుండా వెళ్ళు. ముందు ఇంజిన్ మీద చెయ్యి పెట్టు, చల్లగా ఉండాలి. వెచ్చగా ఉంటే నువ్వు రాకముందే వేడిచేసి ఉంచాడని లెక్క. చల్లటిది ఒక్క తిప్పుకి లేవాలి. లేచాక వెనక నుంచి సన్నగా నీటిధార వస్తుంది. అది ఉచ్చ పోసినట్టు ఆగకుండా పోయాలి, ఆగిందంటే ఒంట్లో వేడి చేసిందని. పంకా దగ్గర గేర్ నూనె తీయించి చూడు. మజ్జిగలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్ళు దిగాయి. మెకానిక్ చేత ఒక్కో సిలిండర్‌కీ ఒత్తిడి కొలిపించు. అన్నీ దగ్గరదగ్గరగా ఉండాలి, రెండు ఇంజిన్లలోనూ. ఆ తర్వాత నువ్వు నిలబడి విను. నీ చెవుల్ని నమ్ము.

తమ్ముడు


భీమిలి
డిసెంబరు 21

సింహాచలం,

కొన్నాం!

చెప్పకుండా వెళితే అప్పలస్వామి పళ్ళు తోముకుంటున్నాడు. ఇంజిన్లు రెండూ చల్లగా ఉన్నాయి, వాడి మొహం ఇంకా చల్లగా ఉంది. నువ్వు రాసిందంతా వరసగా చేయించాను. కుడిదాని గేర్ నూనె మజ్జిగే. నీళ్ళు ఆపే రబ్బరు సీలు మార్పించి, మళ్ళీ నీళ్ళలో నడిపి, మళ్ళీ నూనె తీసి చూసేదాకా కదల్లేదు. మెకానిక్ "ఈ అప్ప ఏ ఇంజినీరింగ్ కాలేజీలో సదివింది?" అని చిన్నారావుని అడిగాడంట.

మొదటిరోజు తొమ్మిదిమందిమీ ఎక్కాం. పూజ చేసి, టెంకాయ కొట్టి, ఫొటోలు దిగి, దర్జాగా బయల్దేరాం. అలలు దాటాక నేను కక్కాను. నా వెనక ఆరుగురు కక్కారు. నలభై ఏళ్ళు సముద్రం పక్కన బతికిన ఆడవాళ్ళకి సముద్రం పడదని ఆ రోజే తెలిసింది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం కళ్ళు తెరుచుకుని చూశాను. ఊరు అంత చిన్నదా! నేను వేలం పాడే చోటు గోటి మీద పట్టేంత ఉంది.

అసలు ఈ ఉత్తరం మొన్న ఆదివారం గురించి. జనం కిటకిటలాడుతున్నారు. పన్నెండుమంది ఎక్కేశారు, ఇంకో రెండు ట్రిప్పుల జనం ఒడ్డున నిలబడ్డారు. చిన్నారావు ఇంజిన్లు వేశాడు. నీటిధార రెండింటికీ బాగానే పోస్తోంది. గేరు వెయ్యగానే కుడిదాంట్లో కింద ఎక్కడో సన్నగా గరగరమంది. ఎండు రొయ్యల మీద నడిచినట్టు. చిన్నారావుకి వినబడలేదు. "ఏటీ లేదప్పా, రెండోది ఉంది కదా, వచ్చీసి సూద్దాం" అన్నాడు. ఆదివారం, ఎండ బాగుంది, జనం ఈలలేస్తున్నారు.

నా నోటిదాకా వచ్చింది, ఈ ఒక్కసారికీ ఏటవుద్ది అని.

"దిగండి" అన్నాను. చిన్నారావు నా వైపు తెల్లబోయి చూశాడు. ఒకాయన కూతురి పుట్టినరోజంట, నన్ను బండబూతులు తిట్టాడు. నేనూ తిట్టాను, ఆయనకంటే బాగా. అందరినీ దింపి, ఇంజిన్ పైకెత్తి, పంకా విప్పించాం. తెగిన వల నైలాన్ తాడు ఇరుసుకి చుట్టుకుని, కొత్త సీలుని కోసేసింది. గేర్ నూనె ఒక్క చుక్క లేదు. ఇంకో అరగంట నడిస్తే గేరు పళ్ళన్నీ పొడి అయ్యేవని మెకానిక్ అన్నాడు. 

నేను పడవ అటు పక్కకి వెళ్ళి ఏడ్చాను. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. సాయంత్రం శివాజీని పిలిచి, వాళ్ళ నాన్న ఆ పొద్దున్న ఏమన్నాడో, నేనేమన్నానో చెప్పాను. వాడు లేచి బయటికి పోయాడు. భోజనాల వేళకి వచ్చి, నా పక్కనే పీట వేసుకుని కూర్చుని తిన్నాడు.  ముల్లు తీసిన చేప ముక్క నా కంచంలో వేశాడు.

ఆ గేర్లు ఇంకా బాగున్నాయో లేదో నాకు తెలీదు. మెకానిక్ బాగున్నాయంటాడు. ఆ మాట చెబుతూ వాడు మూడుసార్లు నవ్వాడు, మీ రాజేంద్రలా. నువ్వొచ్చి చెయ్యి పెట్టు. మా సంఘంలో స్వాతి అని ఒకత్తి ఉంది, నట్టూ బోల్టూ అంటే దానికి పిచ్చి. దానికి పని నేర్పు. స్టేషన్‌కి చిన్నారావుని పంపుతాను.

మీ అప్ప


తోర్వా, బిలాస్‌పూర్
డిసెంబరు 30

అప్పా,

రైల్వే పాసు మీద నాకూ శాంతకీ బెర్తులు దొరికాయి. జనవరి ఎనిమిదో తారీఖు పొద్దున్న విశాఖలో దిగుతాం. నెలరోజులుంటాం. స్పానర్లన్నీ సర్దాను, బట్టలకి చోటు లేదని శాంత గొడవ పెడుతోంది. వినబడట్లేదని చెప్పాను.

శివాజీ సంగతి శాంతకి చదివి వినిపించాను. అయిపోయాక నా ఎదురుగా తిరిగి, మళ్ళీ చదవమంది. 

నేనొచ్చేదాకా కుడి ఇంజిన్ వెయ్యొద్దు. ఎడమదానితో ఒడ్డు పక్కనే తిప్పండి, అలలు దాటొద్దు. స్వాతిని ఒక పుస్తకం పెట్టుకోమను. రోజూ ఇంజిన్ వెయ్యగానే తనకి వినబడిన చప్పుడు ఎలా ఉందో తన మాటల్లో రాయమను. శాంత చెప్పినట్టు చెంబనీ మిషననీ రాసినా సరే, అదే కావాలి. నేను చదివి, చెయ్యి పెట్టి చూస్తాను.

చిన్నారావుని స్టేషన్‌కి పంపేముందు నేను చెవిటివాడినని చెప్పు. సంఘంలో అందరికీ చెప్పు. వెనక నుంచి పిలిస్తే పలకను, పొగరనుకోవద్దని చెప్పు. ఎదురుగా వచ్చి నిలబడి మాటాడమను.

సింహాచలం